పుంజు కాలు పెట్టిన గిటారు

ఇంట్లో ఎలక్ట్రిక్ గిటారు చేసుకోవాలని బుద్ధి పుట్టినవాళ్ళకు ఉదయగిరి వరప్రసాదం చెప్పగల మొదటి సలహా ఒకటే. ఆ బుద్ధి పుట్టిన పూట కడుపు నిండా అన్నం తిని పడుకోవాలి. తెల్లారేసరికి తగ్గిపోతుంది. ఆయనకు తగ్గలేదు. ఆ పూట ఆయన కోపంతో అన్నం తినలేదు మరి.

కోపం సైమన్ మీద. సైమన్ ఆత్మకూరులో కీబోర్డు వాయించే కుర్రవాడు. క్రిస్మస్ ముందు ఆత్మకూరులో పందిరి వేసి మూడు రోజుల ప్రార్థన కూటాలు జరుపుతారు. ఈ ఏడు పాటల పెత్తనం సైమన్ చేతికి వచ్చింది. వచ్చీ రాగానే వరప్రసాదానికి ఫోన్ చేశాడు.

"అంకుల్, మీ డబ్బా గిటారు మైకులో వినపడదు. ఈసారి స్టేజి మీద ఎలక్ట్రిక్ గిటారు అయితేనే పెడతా ఉండాము. లేదంటే మీరు కింద కూర్చొని చప్పట్లు కొట్టండి, ప్లీజ్."

కింద కూర్చోమన్నందుకు కూడా అంత మండలేదు. 'అంకుల్'కీ 'ప్లీజ్'కీ మధ్య ఇరికించి చెప్పినందుకు మండింది.

వరప్రసాదం వడ్రంగి. యాభై దాటాయి. ఏడో తరగతిలో లెక్కల అయ్యవారు చెవి మెలితిప్పితే బడి మానేశాడు. ఆ మెలికతోనే తన చెవికి శ్రుతి పట్టుబడిందని చెప్పుకుంటాడు, లెక్కలు మాత్రం పట్టుబడలేదు. తలుపులు, కిటికీలు చేసేవాడు. రెడీమేడ్ తలుపులొచ్చి ఆ గిరాకీ పోయింది. ఎవరైనా పోతే పెట్టె చేసేవాడు, ఊళ్ళో అందుకే పెట్టెల ప్రసాదం అంటారు. ఇప్పుడు చచ్చేవాళ్ళు కూడా నెల్లూరు నుంచి పాలిష్ పెట్టె తెప్పించుకుంటున్నారు. ఇన్ని పోయాక ఆయనకు మిగిలింది ఏడాదికోసారి ఆత్మకూరు స్టేజి మీద, కుడిపక్క చివర, తన గిటారు పట్టుకొని కూర్చునే ఒక ప్లాస్టిక్ కుర్చీ. పెళ్ళి కాకముందు నుంచీ ఆ కుర్చీ ఆయనది. అదీ పోతే మనిషికి ఇక చిరునామా ఉండదు.

"నేను లేకుండా కూటాలు ఎట్టా జరుపుతారో చూస్తా" అన్నాడు.

భార్య రెబెకమ్మ చేటలో నూకలు చెరుగుతూ తలెత్తలేదు. "నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదు అనిందంట వెనకటికొక ముసల్ది. నువ్వు డబ్బా గీకకపోతే ఆత్మకూరులో క్రిస్మస్ రాదా ఏంది?"

"ఎలక్ట్రిక్ గిటారు చేస్తానే. నా చేత్తో చేస్తా."

"చెయ్ నాయనా. పెట్టెలో పెట్టి తీసకపో."

అట్లా మొదలైంది.

చెక్కకు ఇబ్బంది లేదు. దుత్తలూరులో ఒక పెద్దాయన ఇక బతకడని కొడుకులు ముందుగానే పెట్టెకు చెప్పిపోతే వరప్రసాదం మంచి మామిడి పలక కోయించి ఉంచాడు. ఆ పెద్దాయన లేచి కూర్చొని కల్లు అడిగాడు. పలక మిగిలిపోయింది. రెండు ఎండాకాలాలు దూలం మీద పడి ఎండింది కాబట్టి గిటారుకు అంతకన్నా మంచిది దొరకదు. పచ్చి చెక్కతో గిటారు చేస్తే అది పాట పాడకముందే వంగి దండం పెడుతుంది, ఈ మాట ఆయన ఎవరికైనా ధైర్యంగా చెప్పగలడు. మెడకు ఒక పాత ఇంటి టేకు ద్వారబంధం దొరికింది. తీగల లాగుడుకు మెడ వంగకుండా దాని కడుపులో సన్నగా గాడి తీసి ఇనప కడ్డీ దింపాడు. ఇంతవరకూ తప్పు పట్టడానికి ఏమీ లేదు. చిత్రిక పట్టిన మెడ మీద అరచెయ్యి జారిస్తే ఆయనకే ముచ్చటేసింది.

పక్కింటాయన చెక్క గరిటెలు చేస్తాడు. ఆ ఇంట్లో నాలుగు తరాలుగా అదే పని. గోడ మీద నుంచి తొంగిచూసి, "ఎంత పెద్ద గరిటె ప్రసాదన్నా! ఏ ఊరి పెళ్ళికి సాంబారు కలపడానికి?" అన్నాడు.

వరప్రసాదం చూపంతా ఫోన్లో ఉంది. అందులో గడ్డమున్న తెల్లాయన ఒకడు గిటారు చేసి చూపిస్తున్నాడు. ఏం మాట్లాడుతున్నాడో వరప్రసాదానికి ఒక్క ముక్క తెలియదు. పనివాడి చెయ్యి చూస్తే చాలదా, మాటలెందుకు అనుకున్నాడు. తెల్లాయన ఎక్కడ చేతులు ఆపి మాట్లాడితే అక్కడ వేలితో తోసి వీడియోను ముందుకు జరిపేవాడు. మనిషి స్వభావమే అంత. ఎదుటివాళ్ళు పని ఆపి మాట్లాడితే ముందుకు జరిపేస్తాడు. రెబెకమ్మ మాటల్ని పెళ్ళయినప్పటి నుంచీ అట్లాగే జరుపుతున్నాడు.

గిటారు మెడ మీద అడ్డంగా లోహపు మెట్లు ఉంటాయి. వేలితో తీగను ఏ మెట్టు దగ్గర నొక్కితే ఆ స్వరం పలుకుతుంది. మెట్టుకూ మెట్టుకూ మధ్య ఎడం పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. ఆ ఎడం తప్పితే ఎంత గొప్ప చెక్కయినా వృథా. ఈ మెట్ల గాట్లు గీసే చోటికి రాగానే తెల్లాయన కొలబద్ద కింద పెట్టి, కెమెరాకు దగ్గరగా వచ్చి, చూపుడువేలు ఊపుతూ చాలాసేపు ఏదో చెప్పాడు. వేలు ఊపుతున్నాడంటే కింద గంట నొక్కమనీ, సబ్‌స్క్రైబ్ చేసుకోమనీ అడుగుతున్నాడని వరప్రసాదం అనుకున్నాడు. ముందుకు జరిపాడు.

ఆ తెల్లాయన చెప్పిన మాట ఇది. ప్రతి మెట్టునూ మెడ మొదటి నుంచే కొలవండి. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలుచుకుంటూ పోవద్దు.

వరప్రసాదం ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు కొలుచుకుంటూ పోయాడు. కిటికీకి ఊచలు పెట్టేది అట్లాగే. ఊచ పెట్టు, ఎడం కొలువు, ఇంకో ఊచ పెట్టు. పాత గిటారు మీది ఎడాలను అంగుళాల్లో, అంగుళంలో ఎనిమిదో వంతు ఉండే నూళ్ళలో తీసుకొని, ఒక గాటు కోసి, ఆ గాటు అంచు నుంచి తరువాతి దానికి కొలిచాడు. ప్రతి గాటు దగ్గరా రంపం తన వెడల్పు తాను తింటూ పోయింది. కిటికీలో ఊచ వెంట్రుకవాసి జరిగితే అడిగేవాడు లేడు, గాలి ఎట్లాగూ వస్తుంది. గిటారులో ఆ వెంట్రుకవాసి ఒక్కొక్క మెట్టూ ఎక్కి, పైకి పోయేసరికి వేలెడంత అబద్ధమైంది. ఆ సంగతి అప్పటికి ఆయనకు తెలియదు.

ఇక కరెంటు పని మిగిలింది. దానికి ఆత్మకూరు పోయాడు. రెబెకమ్మ తమ్ముడు డేవిడ్‌రాజుకు అక్కడ బోరు మోటార్లకు వైండింగ్ కట్టే షాపు ఉంది. ఎలక్ట్రిక్ గిటారుకు ప్రాణం తీగల కింద ఉండే కాయిల్. అయస్కాంతం మీద సన్నని రాగితీగ చుట్టాలి. చుట్టడమంటే డేవిడ్‌రాజు తరువాతే ఎవరైనా.

"మోటారు తీగ పనికి రాదు బావా, లావు" అన్నాడు డేవిడ్‌రాజు. "తలవెంట్రుక మాదిరి ఉండాల. ఇదో, కాలిపోయిన స్టార్టర్లో కాయిల్ ఉండాది. దీని తీగ ఇప్పి చుడతా. అయస్కాంతం పాత స్పీకర్లోది తీసుకుందాము."

"తెగిపోతుందేమోరా."

"నీ నోరు కన్నా గట్టిదే బావా. పట్టుకో, మాట్లాడమాక."

చుట్టి, బిగించి, షాపులో ఉన్న పాత ఆంప్లిఫైయర్‌కు కలిపారు. తీగ మీటకముందే 'బుయ్య్' మని మోత మొదలైంది. ఎదురు టీకొట్టు దగ్గర కూర్చున్న చేజర్ల రైతు ఒకడు లేచొచ్చి, "నా మోటారేనా? తయారైందా?" అని అడిగాడు.

"కాదు పెదనాయనా, మా బావ పాట" అన్నాడు డేవిడ్‌రాజు.

వరప్రసాదం తీగల మీద చెయ్యి వేయగానే మోత ఆగింది. తీస్తే మళ్ళీ మొదలు. డేవిడ్‌రాజు పగలబడి నవ్వాడు. "నీకూ నా మోటార్లకూ ఒకటే జబ్బు బావా. ఎర్త్ లేదు!" అని, ఒక తీగముక్క తీసుకొని, తీగలు ఆనే ఇనప బ్రిడ్జి కిందికి దూర్చి కలిపాడు. మోత చచ్చింది. గిటారు మొదటిసారి శుభ్రంగా పలికింది. కింది మెట్ల మీద నాలుగు స్వరాలు వాయించి వరప్రసాదం కళ్ళు మూసుకున్నాడు. పై మెట్ల జోలికి పోలేదు. పోయుంటే ఆ రోజే తెలిసేది. అప్పటికే ఆయన మనసులో స్టేజి ఎక్కేశాడు, మెట్లతో పనేముంది?

తిరిగొచ్చి రంగు పనికి దిగాడు. వాన పట్టుకుంది. నవంబరు ముసురు నెల్లూరు జిల్లాకు కొత్త కాదు, ఆ ముసురులో మెరుగు పెట్టే లేకర్ కొట్టకూడదని వడ్రంగికి ఒకరు చెప్పాల్సిన పనీ లేదు. కానీ కూటాలు దగ్గర పడ్డాయి. లప్పం పట్టించి, గరుకు కాగితంతో రుద్ది, ఎర్ర రంగు అద్ది, బైకులకు పెయింటు కొట్టేవాడి దగ్గర స్ప్రే గన్ను అరువు తెచ్చి లేకర్ కొట్టాడు. ఎర్రగా మెరవాల్సిన గిటారు చూస్తుండగానే పాలు పోసినట్టు తెల్లబారింది.

పక్కింటాయన గోడ మీద నుంచి, "తేమ తాగింది అన్నా. ఎండ వచ్చినాక ఒట్టి థిన్నరు పలచగా కొట్టు, తెలుపు ఇరిగిపోద్ది" అన్నాడు. ఈసారి గరిటె అనలేదు. తెల్లబారిన పని చూస్తే ఏ పనివాడికీ హాస్యం రాదు.

ఎండ వచ్చింది. థిన్నరు కొడితే తెలుపు విరిగింది. అక్కడితో ఆపి పలచపలచగా పూతలు వేసుకుంటూ పోతే బాగుండేది. మరునాడు ఆత్మకూరు పోవాలి. వరప్రసాదం నాలుగు పూతల లేకరు ఒక్క పూతగా దట్టంగా పట్టించాడు. దుమ్ము పడకుండా పెరట్లో నులక మంచం మీద గిటారు పెట్టి పైన దోమతెర కట్టాడు. తెర కింద ఎర్రగా పడుకున్న గిటారు కొత్త పెళ్ళికూతురులా ఉందని తనలో తానే మురిసిపోయాడు.

రెబెకమ్మ వచ్చి చెప్పింది. "పుంజును గంప కింద మూసినాను. రేపు నేను ఆడోళ్ళతో ఆటోలో వస్తా. పుంజును..."

వరప్రసాదం ముందుకు జరిపాడు. "సరేలే, సరేలే."

రెబెకమ్మ పుంజు పెద్దది. నెమలికంఠం రంగు, మనిషిని చూస్తే అప్పులవాడిని చూసినట్టు చూస్తుంది. దాణా కోసం గంప ఎత్తింది వరప్రసాదమే, తిరిగి సరిగ్గా మూయనిదీ వరప్రసాదమే. అది బయటికొచ్చి, పెరడంతా చూసి, మంచమెక్కి, దోమతెర అంచు ముక్కుతో ఎత్తి, తడి లేకరు మీద ఒక్క అడుగు వేసింది. అంటుకునేసరికి కాలు లాక్కొని కొక్కొరొకో అంటూ గోడ ఎక్కింది.

తెర తీసి చూస్తే గిటారు నడిబొడ్డున ముద్ర. మూడు వేళ్ళు ముందుకు, ఒకటి వెనక్కి. అచ్చు గుద్దినట్టు.

"దాన్ని ఇప్పుడే కోస్తా!" అని కత్తి కోసం లోపలికి పోయాడు.

"చెయ్యెయ్యి చూద్దాము" అంది రెబెకమ్మ. "నా పుంజు కాలే నీ చెయ్యి కంటే కుదురుగా పడింది. ఒక్క అడుగుతో పని ముగించింది. నువ్వు నెలన్నర నుంచి గీకతా ఉండావు."

రుద్ది మళ్ళీ పూత వేయడానికి పొద్దు లేదు. ఆ ముద్రతోనే గిటారును దుప్పటిలో చుట్టుకొని పొద్దున్నే ఆత్మకూరు బస్సెక్కాడు.

పందిట్లో సౌండు చూసుకుంటున్న సైమన్ గిటారు చేతికి తీసుకొని అటూ ఇటూ తిప్పాడు. వాయించాడు. కింద బాగుంది. చెయ్యి పైకి పోయింది. ఐదో మెట్టు దాటగానే స్వరం మెల్లగా పక్కదారి పట్టింది. ఇంకా పైకి పోయేసరికి పులిసిన మజ్జిగ తాగినట్టు సైమన్ మొహం వంకర పోయింది.

"అంకుల్, పైన శ్రుతి పోతా ఉండాది. మెట్లు తప్పు పడినాయి."

వరప్రసాదం గిటారు లాక్కొని తానే వాయించాడు. మెలి తిరిగిన చెవి ఉండనే ఉంది కదా, అది అబద్ధం చెప్పలేదు. పాటకు ముందు ఒక్కడే వాయించాలని నెలన్నర నుంచి మనసులో కట్టుకున్న స్వరాలన్నీ ఐదో మెట్టుకు పైనే ఉన్నాయి. వేలు ఊపిన తెల్లాయన అప్పుడు గుర్తుకొచ్చాడు. ఆయన సబ్‌స్క్రైబ్ చేసుకోమనలేదని అర్థమైంది.

"కింద కూర్చోండి అంకుల్. ఏమనుకోమాకండి" అన్నాడు సైమన్.

వరప్రసాదం గిటారు ఒళ్ళో పెట్టుకొని పందిరి గుంజకు ఆనుకొని పట్టా మీద కూర్చున్నాడు. అంతా అయిపోయినట్టే. అప్పుడొచ్చింది దేవకమ్మ అవ్వ. చేజర్ల నుంచి ప్రతి ఏడూ అందరికన్నా ముందొచ్చి ముందు వరసలో కూర్చునే ముసలామె. ఆమె వంగి గిటారు మీద వేలు పెట్టింది.

"ఇదేంది నాయనా? పిట్ట కాలు మాదిరి ఉండాదే."

వరప్రసాదం ముద్ర మీద అరచెయ్యి అడ్డం పెట్టబోయాడు.

"పావురమా?" అవ్వ ఇంకా కిందికి వంగింది. "పావురం దిగినాదా నాయనా నీ గిటారు మీద? లేక కోడి ఏమన్నా తొక్కినాదా?"

అక్కడ ఒక్క మాటతో తేలిపోయేది. కానీ మనిషి అప్పుడే కింద కూర్చోబెట్టబడి ఉన్నాడు. "కోడేంది అవ్వా" అన్నాడు. "కోడెట్టా వస్తాది?"

అవ్వ చేతులు జోడించింది. పది నిమిషాల్లో పందిట్లో సగంమంది వచ్చి ముద్ర చూసి స్తోత్రం స్తోత్రం అంటూ పోయారు. పరిశుద్ధాత్మ పావురంలా ప్రభువు మీదికి దిగొచ్చిన కథ వినని ప్రాణి ఆ పందిట్లో లేడు కదా. పాస్టరుగారు కూడా వచ్చి చూసి, గడ్డం నిమురుకొని, "ఈ సహోదరుడు పైన కూర్చోవాల" అన్నారు. సైమన్ మారుమాట లేకుండా కుడిపక్క చివర ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. వేయిస్తూ చెవి దగ్గర వంగాడు.

"అంకుల్, ఇది పావురమైతే మేకంత ఉండాల. నిజం చెప్పండి, కోడే గదా?"

"ఏ కోడి? నాకు తెల్దు" అన్నాడు వరప్రసాదం.

కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నాడే గానీ కుర్చీ పాతదిలా లేదు. చెక్క ఎంచింది తాను. మెడ చెక్కింది తాను. కడ్డీ దింపింది, తెలుపు విరిచింది తాను. ఇవన్నీ వదిలేసి, ఆ గిటారులో తాను చేయని పని ఏదైతే ఒక్కటి ఉందో దాన్ని మాత్రమే అందరూ మెచ్చుకుంటున్నారు. అది కూడా ఎవరు చేశారో చెప్పుకోవడానికి లేదు. స్టేజి కింద మైకు తీగలు సర్దుతున్న డేవిడ్‌రాజు మాత్రం అక్క పుంజును ఎరిగినవాడు కాబట్టి బావ వైపు చూసి మూడు చేతివేళ్ళు కోడికాలులా చాచి ఆడించాడు.

ఉదయం కూటం మొదలైంది. ఉదయగిరి ఆటో ఆలస్యంగా వచ్చింది. ఆడవాళ్ళు చడీచప్పుడు లేకుండా వెనకగా వచ్చి కూర్చోవడం వరప్రసాదం చూడలేదు. పాస్టరుగారు మైకు ఆయన ముందు పెట్టారు.

"బ్రదర్ వరప్రసాదం గారూ, సంఘం ముందు ఒక్క మాట చెప్పండి. ఈ ముద్ర ఎట్టా పడిందో మీకు తెలుసా?"

"తెలియదండి అయ్యగారూ."

"ఎవరికీ అనుమానం ఉండకూడదని అడగతా ఉండాను. మీ ఇంట్లో కోళ్ళు గానీ..."

వరప్రసాదం గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు స్పీకర్లలో పందిరంతా వినపడింది.

"మేము కోళ్ళు పెంచమండి" అన్నాడు.

ఆడవాళ్ళ వైపు నుంచి, గొంతు నిండా ఊపిరి తీసుకొని, నెమ్మదిగా, స్పష్టంగా, ఏ మైకూ అవసరం లేకుండా ఒక పుంజు కూసింది.

ఆ కథ కూడా వినని ప్రాణి ఆ పందిట్లో లేడు. ప్రభువును పట్టుకుపోయిన రాత్రి ఆయన శిష్యుడొకడు చలిమంట దగ్గర చేతులు కాచుకుంటూ మూడుసార్లు, ఆయనెవరో నాకు తెలియదన్నాడు. మూడోసారి అనగానే కోడి కూసింది. సండే స్కూల్లో మొదట నేర్పేదే అది. కాకపోతే ఆ శిష్యుడు ప్రభువును ఎరగనన్నాడు. కోడినే ఎరగనన్నవాడు మాత్రం లోకంలో పెట్టెల ప్రసాదం ఒక్కడే.

ముందు ఎక్కడో ఒక కిసుక్కు. ఆ వెనకే పందిరి పందిరంతా పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులో రెబెకమ్మ ఒళ్ళో గంపతో లేచి నిలబడింది. పుంజు తల గంపలోంచి బయటికి పొడుచుకొచ్చి ఉంది.

"మా పుంజేనయ్యా అయ్యగారూ! కృతజ్ఞతార్పణకు తెచ్చినాను. నిన్ననే చెప్పినా ఈ మనిషికి, వింటే గదా! గంప మూయకుండా వదిలేసిందీ ఈయనే, దాన్ని కోస్తానని కత్తి తీసిందీ ఈయనే. కోళ్ళు పెంచమంటాడా? రోజూ దీనికి నూకలేసేది ఎవరంట?"

చేటలో నూకలు తన చేత్తోనే వేస్తానన్న సంగతి వరప్రసాదానికి కూడా అప్పుడే గుర్తొచ్చింది. పుంజు ఆయన్ను గుర్తుపట్టి మెడ వంచి చూసింది. నూకలు తెచ్చావా అన్నట్టు.

నేల చీలితే దూరాలనిపించింది. స్టేజి మీద నేల కూడా లేదు, అద్దె బల్లలు. మైకు ఇంకా మూతి ముందే ఉంది.

"పుంజేనండి" అన్నాడు. "తడి లేకరు మీద కాలు పెట్టింది. దట్టంగా కొట్టడం నా తప్పు. పలచగా కొట్టుంటే అప్పటికే ఆరేది."

అని, గిటారు వైరు పీకి, లేచి, స్టేజి మెట్ల వైపు నడిచాడు. మొదటి మెట్టు మీద కాలు పెట్టాడో లేదో ముందు వరసలోంచి దేవకమ్మ అవ్వ కర్ర అడ్డం పెట్టింది.

"యాడికి నాయనా?"

"కిందికి అవ్వా."

"ఎందుకు? కోడి కూసినాక ఆ శిష్యుణ్ణి ప్రభువు పన్లోంచి తీసేసినాడా? పెత్తనం ఇచ్చి పెద్దోణ్ణి చేసినాడు గదా. నా పావురాన్ని కోడిని చేసినావు, నాకూ కోపంగానే ఉండాది. అయినా పో. పొయ్యి కూర్చొని వాయించు."

పాస్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వు ఆపుకోలేక, "ఈ పొద్దు ప్రసంగం అవ్వ చేసేసింది. నాకేం మిగల్లేదు. పాట పాడండి" అన్నారు.

వరప్రసాదం తిరిగి కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి అది పాత కుర్చీలాగే కిర్రుమంది. డేవిడ్‌రాజు వైరు మళ్ళీ గుచ్చాడు. పాట మొదలైంది. మూడు కార్డుల పాట, అంటే వేళ్ళ పట్టులు మూడు వస్తే చాలు. మూడూ ఐదో మెట్టుకు ఇవతలే ఉంటాయి. మామిడి పలక గుండె మీద ఆని ఉండి, ఒక్కో దెబ్బకూ పక్కటెముకల్లో పలికింది. దుత్తలూరు పెద్దాయన పోగొట్టుకున్నది ఇంత మంచి చెక్క అని ఆయనకు తెలిస్తే ఏమనేవాడో.

చరణానికీ చరణానికీ మధ్య ఆయన కట్టుకున్న స్వరాల చోటు వచ్చింది. వేళ్ళు వాటంతటవే పైకి బయలుదేరాయి. మూడు, నాలుగు, ఐదు. ఆడవాళ్ళ వైపు గంపలో ఏదో కదిలింది. వేళ్ళు ఐదో మెట్టు మీద ఆగిపోయాయి. ఆగిన చోటి నుంచి సైమన్ కీబోర్డు అందుకొని, ఆ స్వరాలనే పైదాకా తీసుకుపోయి, మళ్ళీ భద్రంగా తెచ్చి ఐదో మెట్టు దగ్గర ఆయనకు అప్పగించాడు. పాటంతా అట్లాగే సాగింది.

అయ్యాక సైమన్ వంగి, "రేపు కూడా ఇట్టే చేద్దాము అంకుల్. ఐదు దాకా మీరు, ఆ పైన నేను" అన్నాడు.

"అంకుల్ అనమాకరా."

"మరేమనాల?"

వరప్రసాదం గిటారుకు దుప్పటి చుట్టాడు. "అట్నే అను" అన్నాడు.

మూడో రోజు కూటాలన్నీ ముగిశాక అర్పణల వేలం వేశారు. గుమ్మడికాయలు, కందులు, గుడ్లు ఎప్పటిలాగే పోయాయి. పుంజు దగ్గరికి వచ్చేసరికి పందిరంతా పాట పాడింది. నిజం చెప్పించిన కోడి అని పేరు పడిపోయింది మరి. చివరికి దేవకమ్మ అవ్వ పాట నిలిచింది. అవ్వ గంప అందుకొని, నేరుగా నడిచొచ్చి, వరప్రసాదం ఒళ్ళో పెట్టింది.

"నాకెందుకు నాయనా ఇది? నీకే కావాల."

రెబెకమ్మ ఆ మాటను బస్టాండు దాకా నలుగురికీ చెప్పుకుంటూ నడిచింది. వరప్రసాదం ఆమె ఒక్క మాటనూ ముందుకు జరపలేదు. జరపడానికి చెయ్యి ఖాళీ లేదు. ఒక చేతిలో గిటారు, ఒక చేతిలో గంప.

ఉదయగిరి బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. దుప్పటి జారిపోయి గిటారు మీది ముద్ర బయటపడింది. కండక్టరు దాన్ని చూశాడు, గంపలోంచి తొంగిచూస్తున్న పుంజును చూశాడు.

"కోడి ఎవరిది?" అన్నాడు.

బస్సులో ఉదయగిరివాళ్ళందరూ వెనక్కి తిరిగారు. రెబెకమ్మ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది.

"నాదే" అన్నాడు వరప్రసాదం.